వారెంట్ ఉందా అని అడిగేది ఎవరు?

మన సినిమాల్లో "వారెంట్ ఉందా?" అనే మాట ఎప్పుడూ విలనే అంటాడు. తెల్ల చొక్కా, మెళ్ళో లావుపాటి గొలుసు, పక్కన నల్లకోటు లాయరు. పోలీసు హీరో జీపు దిగి గేటు తన్నుకుంటూ లోపలికొస్తాడు. విలన్ ఈ మాట అడుగుతాడు. హీరో జవాబుగా చెంప మీద ఒకటి పీకుతాడు. హాలంతా ఈలలు. నేనూ వేశాను, దాచుకోవడమెందుకు.

చిన్నప్పట్నించీ ఇలాంటి సీన్లు చూసీ చూసీ మన చెవులకి ఒక అలవాటైపోయింది. వారెంటు అంటే డబ్బున్న దొంగ వెనక దాక్కునే గోడ. చట్టం అడిగే కారణం అంటే హీరో కాళ్ళకి అడ్డం పడే తాడు. తలుపు తెరవమన్నప్పుడు ఎందుకని అడిగాడంటే వాడి దగ్గర ఏదో ఉన్నట్టే. తప్పు చేయనివాడికి భయమెందుకు అంటారు కదా, ఆ మాటకి మన మాస్ సినిమా చేసినంత ప్రచారం ఏ ప్రభుత్వమూ చేసి ఉండదు.

అదే ప్రశ్న తప్పేమీ చేయనివాడి నోట వినాలంటే నేను వేరే భాషకి పోవాల్సి వచ్చింది. అక్కడ కూడా వాడికి ఆ ప్రశ్న అడిగే అవకాశం రాలేదు. నేను మాట్లాడుతున్నది వెట్రిమారన్ తీసిన 'విసారణై' గురించి. 2015లో వెనిస్ ఫెస్టివల్‌కి వెళ్ళింది, 2016 ఫిబ్రవరిలో థియేటర్లకి వచ్చింది, ఆ ఏడాది మన దేశం తరఫున ఆస్కారుకీ వెళ్ళింది. ఇప్పటికి నాలుగుసార్లు చూశాను. మొదటి మూడుసార్లూ ఒక సినిమా చూశాను. నాలుగోసారి చూసింది ఇంకో సినిమా. ఎందుకో చివర్లో చెప్తాను.

*

ముందు చట్టం ఏమంటుందో కాస్త చూద్దాం. బోరు కొట్టించను.

ఒక మనిషిని వారెంటు లేకుండా అరెస్టు చేయాలంటే పోలీసు దగ్గర ఏదో ఒకటి ఉండాలి. న్యాయమైన ఫిర్యాదు, నమ్మదగిన సమాచారం, లేదా సహేతుకమైన అనుమానం. 1973 నాటి సీఆర్‌పీసీలో ఇది 41వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో ఇది 35. ఇక్కడ బరువంతా 'సహేతుకమైన' అన్న మాట మీద ఉంది. అనుమానం ఎవరికైనా వస్తుంది. అత్తగారికి కోడలి మీద వస్తుంది, షాపువాడికి పనికుర్రాడి మీద వస్తుంది. చట్టం అడిగేది అనుమానం ఉందా అని కాదు, ఆ అనుమానానికి ఇంకొకడికి చెప్పుకోగలిగిన కారణం ఉందా అని.

అది కూడా సరిపోదని 1994లో జోగిందర్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అరెస్టు చేసే అధికారం ఉండటం వేరు, చేయాల్సిన అవసరం ఉండటం వేరు అంది. ఈ తేడాని చట్టంలోకి తేవడానికి 2010 దాకా పట్టింది. ఏడేళ్ళ లోపు శిక్షపడే నేరాల్లో అరెస్టు ఎందుకు అవసరమో పోలీసు రాసిపెట్టాలన్నారు. అవసరం లేకపోతే నోటీసిచ్చి పిలవాలన్నారు. అయినా మారలేదు. 2014లో అర్నేష్ కుమార్ తీర్పులో కోర్టు మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. పోలీసు కారణాలు రాయకపోతే రాయలేదని, మేజిస్ట్రేటు చదవకుండా సంతకం పెడితే పెట్టారని, ఇద్దరి మీదా చర్యలుంటాయంది.

సోదాకి కూడా అంతే. వారెంటు తెచ్చుకునే టైము లేదనుకుంటే, ఎందుకు లేదో, దేనికోసం వెతుకుతున్నారో ముందే కాగితం మీద రాయాలి. వెతికేటప్పుడు ఆ చుట్టుపక్కల ఉండే ఇద్దరు గౌరవనీయులైన, ఎవరి పక్షమూ కాని మనుషులు సాక్షులుగా ఉండాలి. ఈ గౌరవనీయుల్ని గుర్తుపెట్టుకోండి. వాళ్ళతో నాకు పనుంది.

మొత్తమ్మీద చట్టం కోరేది ఒక వరస. ముందు కారణం, తర్వాత అనుమానం, ఆ తర్వాతే మనిషి. 'విసారణై' మొదటి సగం ఈ వరసని తలకిందులు చేసి చూపిస్తుంది. ముందు మనిషి దొరుకుతాడు. తర్వాత వాడికి సరిపోయే అనుమానం. కారణం అన్నిటికన్నా ఆఖర్న, లాఠీతో.

*

ఈ సినిమా మీద వచ్చిన సమీక్షలు చాలావరకు హింస గురించే మాట్లాడాయి. చూడలేకపోయామనీ, ఒళ్ళు జలదరించిందనీ రాశారు. నిజమే. తాటిమట్టల సీను చూశాక నేను కాసేపు ఆపేసి బయటికెళ్ళాను. కానీ ఈ సినిమాలో అన్నిటికన్నా భయంకరమైన సీను మొదటి దెబ్బ పడకముందే అయిపోతుందని నాకనిపిస్తుంది.

గుంటూరు. రాత్రి. సినిమా చూసి నడిచొస్తున్న అఫ్సల్ అనే తమిళ కుర్రాణ్ణి పోలీసులు ఆపుతారు. పేరడుగుతారు, ఊరడుగుతారు. పేరు చెప్తే ఒక ఉగ్రవాద సంస్థ గుర్తొస్తుంది వాళ్ళకి. తమిళుడంటే ఇంకోటి గుర్తొస్తుంది. వాళ్ళు కోపంగా కూడా ఉండరు. సగం వేళాకోళం, సగం డ్యూటీ. రాత్రి పదింటి తర్వాత మన ఊళ్ళలో ఏ సెంటర్లోనైనా వినపడే గొంతే. అంతే, అయిపోయింది. రాత్రి నడవడం, పేరు, భాష. ఈ మూడింట్లో ఒక్కటీ నేరం కాదు, మూడూ కలిపినా కాదు. కానీ మూడూ కలిపితే అనుమానం అయిపోయింది. పొద్దున్నకల్లా పార్కులో పడుకునే అతని స్నేహితులు పాండి, మురుగన్, కుమార్ కూడా స్టేషన్లో ఉంటారు. అక్కడ ఓ పెద్దమనిషి ఇంట్లో దొంగతనం జరిగింది. పైనుంచి ఒత్తిడి ఉంది. కేసు తేలాలి. ఎవరో ఒకరు దొంగలు కావాలి.

ఇది ఊహించి రాసుకున్న కథ కాదని తెలిసిన విషయమే. కోయంబత్తూరులో ఆటో నడిపే ఎం. చంద్రకుమార్ 1983లో గుంటూరులో తనకి జరిగినదాన్ని 'లాకప్' పేరుతో నవలగా రాశాడు. సినిమా మొదటి సగానికి ఆధారం అదే. ఆ మనిషి తన సినిమాతో పాటు వెనిస్ దాకా వెళ్ళాడు. గుంటూరు పార్కు నుంచి వెనిస్‌కి ముప్ఫై ఏళ్ళు పట్టింది.

తెలుగువాడిగా ఈ సినిమా చూడటంలో ఒక ఇబ్బంది ఉంది. దాని గురించి మనవాళ్ళెవరైనా రాస్తారేమోనని చూశాను. నేను చూసింది తమిళ మాతృక, సబ్‌టైటిల్స్‌తో. మొదటి సగంలో కొట్టేవాళ్ళు మాట్లాడేది తెలుగు. దెబ్బలు తినేవాళ్ళు మాట్లాడేది తమిళం. అంటే ఇన్‌స్పెక్టరు బూతులు, యాస, వెటకారం అన్నీ నాకు నేరుగా అందుతాయి. పాండి ఏడుస్తూ ఏమంటున్నాడో తెలియాలంటే తెర కింద చదువుకోవాలి. నా మాతృభాష లాఠీ పట్టుకున్న వైపు ఉంది. అజయ్ ఘోష్ వేసిన ఆ ఇన్‌స్పెక్టరు అంత సహజంగా ఎందుకున్నాడంటే, ఆ మాటతీరు మనందరికీ ఇళ్ళల్లోనే పరిచయం కాబట్టి. ప్రపంచ సినిమాల్లో హింస చూసి, ఎక్కడిదో దేశం అని ఊపిరి పీల్చుకునే సౌకర్యం ఈ సినిమా మనకివ్వదు.

*

ఇక్కడ ఒక చిన్న చట్టపు మెలిక తెలిస్తే సినిమా ఇంకా బాగా అర్థమవుతుంది. పోలీసు ముందు ఒప్పుకున్న నేరం మన దేశంలో సాక్ష్యం కాదు. పాత సాక్ష్యాల చట్టం 25వ సెక్షన్ బ్రిటిషు కాలం నుంచీ 2024 దాకా ఆ మాటే చెప్పింది. అలా రాశారంటే పోలీసులు ఎలా ఒప్పిస్తారో ఆనాటికే అందరికీ తెలుసన్నమాట. అందుకే సినిమాలో పోలీసులకి పాండి వాళ్ళు స్టేషన్లో ఒప్పుకుంటే సరిపోదు. కోర్టులో, మేజిస్ట్రేటు ముందు, దెబ్బలు లేనిచోట తమంతట తామే ఒప్పుకోవాలి. ఆ ఒక్క నిమిషం కోసమే అన్ని రోజుల దెబ్బలు. రక్షణ కోసం పెట్టిన సెక్షను హింసని ఆపలేదు. హింస ఎక్కడిదాకా వెళ్ళాలో మాత్రం చెప్పింది.

ఆ కోర్టు సీను నాకు చాలా ఇష్టం. పాండి మేజిస్ట్రేటు ముందు ఎదురుతిరిగి, మేము చేయలేదంటాడు. తమిళంలో. అక్కడ అతని మాట అర్థమయ్యేవాళ్ళెవరు? వేరే పని మీద తమిళనాడు నుంచి వచ్చిన ముత్తువేల్ అనే పోలీసు అధికారి అక్కడుంటాడు. అతనే అనువాదం చేస్తాడు. మేజిస్ట్రేటు వింటారు, వదిలేస్తారు. చట్టం పనిచేసింది. కానీ ఎలా పనిచేసింది? ఆ పూట ఆ గదిలో తమిళం తెలిసినవాడు ఒకడు అనుకోకుండా ఉన్నందువల్ల. 22వ అధికరణం ప్రకారం అరెస్టయినవాడికి కారణం చెప్పాలి, ఇరవైనాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్ళాలి. ఏ భాషలో చెప్పాలి, వాడు చెప్పేది ఎవరు వినాలి అన్నది ఈ సీను అడిగే ప్రశ్న.

ఇక్కడిదాకా నాకు ఈ సినిమాతో పేచీ లేదు. పేచీ రెండో సగంతో.

విడుదలైన వాళ్ళు ముత్తువేల్‌కి సాయం చేయబోయి చెన్నై చేరతారు. మధ్యలో దిగిపోయిన కుమార్ ఒక్కడే అదృష్టవంతుడు. అక్కడ స్టేషన్ శుభ్రం చేస్తూ, వినకూడని మాటలు వింటారు. రాజకీయ నాయకుల లెక్కలు చూసే ఆడిటర్ కేకే కస్టడీలో చనిపోతాడు. దాన్ని ఆత్మహత్యగా మారుస్తారు. విషయం తెలిసినందుకు వీళ్ళనీ వదలరు. థ్రిల్లర్‌గా గొప్పగా ఉంది. చివర్లో ఆ బురదనీళ్ళలో దాక్కున్న మనుషుల్ని మర్చిపోలేం. చాలామంది రెండో సగమే గొప్పదన్నారు. నాకు మాత్రం సినిమా అక్కడ తను కనిపెట్టిన నిజాన్ని తనే చేజార్చుకుందనిపిస్తుంది.

రెండో సగంలో వాళ్ళని చంపడానికి ఒక కారణం ఉంది. వాళ్ళకి రహస్యం తెలుసు. కుట్ర ఉంది, పెద్ద తలకాయలున్నాయి, డబ్బుంది. కారణం దొరకగానే ప్రేక్షకుడికి లోపల ఎక్కడో ఊరట. ఓహో, అందుకన్నమాట. నాకు ఏ ఆడిటరూ తెలీదు, ఏ రహస్యమూ తెలీదు, కాబట్టి నాకిలా జరగదు. మొదటి సగం ఆ ఊరట ఇవ్వలేదు. అక్కడ కారణమే లేదు. రాత్రి నడిచినవాడు దొరికాడు, అంతే. కారణం లేకపోవడమే అక్కడి అసలు భయం. చంద్రకుమార్ అనుభవంలోంచి వచ్చింది ఆ భయమే. దానికి వెట్రిమారన్ అతికించిన కుట్ర ఎంత బాగున్నా, అది మనకి అలవాటైన భయం.

'జై భీమ్' 2021లో వచ్చినప్పుడు ఇదే ఇంకోవైపు నుంచి కనిపించింది. ఆ సినిమా మొదలే ఒక దెబ్బ. జైలు గేటు బయట, విడుదలైన వాళ్ళని కులమడిగి, కొందర్ని ఇళ్ళకి పంపి, ఇరుళర్ల లాంటి వాళ్ళని తేలని కేసుల కోసం మళ్ళీ జీపెక్కిస్తారు. సహేతుకమైన అనుమానం అన్నమాట మన దేశంలో నిజంగా ఎలా చదువుతారో రెండు నిమిషాల్లో చూపించిన సీను అది. కానీ ఆ తర్వాత సూర్య వస్తాడు. వచ్చాక మనకి నిద్ర పడుతుంది. ఒక నిజమైన కేసు, నిజంగా గెలిచిన కేసు, వాదించిన చంద్రు గారు తర్వాత జడ్జి కూడా అయ్యారు. కాదనను. కానీ అంత మంచి లాయరు దొరికితేనే దక్కేదాన్ని హక్కు అనొచ్చా?

*

మన దగ్గర ఎవరూ రాయలేదా అంటే రాశారు. రావిశాస్త్రి గారు స్వయానా ప్లీడరు. విశాఖ కోర్టుల్లో తిరిగిన మనిషి. 'ఆరు సారా కథలు'లో పోలీసూ, సాక్షీ, ప్లీడరూ, నేరస్థుడూ అందరూ ఒకే సంతలో సరుకులు. 'మాయ' కథలో సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ, చదువుకున్న కుర్ర ప్లీడరుకి లోకం ఎలా నడుస్తుందో విప్పి చెప్తుంది. ఆ కథని కాలేజీలో చదివినప్పుడు ముత్యాలమ్మ భాషకి మురిసిపోయాను. ఇప్పుడు చదివితే నా చూపు ఆ కుర్ర ప్లీడరు మీదే ఆగుతోంది. చట్టం తెలుసుననుకునేవాడు, అందువల్లే ఏమీ తెలియనివాడు.

రావిశాస్త్రి కథలకీ 'విసారణై'కీ మధ్య తేడా ఒకటుంది. రావిశాస్త్రి ప్రపంచంలో అబద్ధానికి చాలామంది కావాలి. పోలీసు ఒక్కడే కేసు కట్టలేడు. సాక్షి కావాలి, సంతకం కావాలి, తలూపేవాడు కావాలి. 'విసారణై'లో మాత్రం పోలీసులూ బాధితులూ తప్ప మిగతా ఊరు దాదాపు కనిపించదు. ఆ పార్కు పక్కన టీ తాగిన మనుషులు, పాండి దగ్గర రోజూ సరుకులు కొన్న మనుషులు ఏమయ్యారు? వాళ్ళనెవరూ ఏమీ అడగలేదా? అడిగితే ఏం చెప్పారు?

ఇక చెప్పాలి.

మూడేళ్ళ క్రితం, నేనున్న నగరంలో, పేరెందుకు, మా ఇంటి కింద రేకుల గదిలో ముగ్గురు ఒడిశా కుర్రాళ్ళుండేవాళ్ళు. టైల్స్ పని. అందులో ఒకడితో నాకు పరిచయం. సాయంత్రాలు మూలమీద టీకొట్టు దగ్గర కలిసేవాళ్ళం. వాడి తెలుగూ నా హిందీ ఒకదానికొకటి సాయం చేసుకునేవి. ఒక ఆదివారం పొద్దున్నే పోలీసులొచ్చారు. వీధిలో ఎవరివో ఫోన్లు పోయాయట. ఏ గదికీ వెళ్ళలేదు, తిన్నగా ఆ రేకుల గదికే వెళ్ళారు. కాసేపయ్యాక ఒక కానిస్టేబులు మెట్లెక్కి వచ్చి, "సార్, చదువుకున్నోళ్ళు కదా, ఇక్కడో సంతకం పెట్టండి" అన్నాడు. చాలా మర్యాదగా. ఏం కాగితమని అడగలేదు. చదవలేదు. గదిలో ఏం దొరికిందో నేను చూడలేదు, అసలు కిందకే దిగలేదు. చదవడానికి ఏమైనా ఉందో లేదో కూడా ఇప్పుడు గుర్తులేదు. పై ఇంటాయన కూడా పెట్టాడు. ఆ చుట్టుపక్కల ఉండే ఇద్దరు గౌరవనీయులైన మనుషులు దొరికారు చట్టానికి. "కింద కుర్రాళ్ళు తెలుసా?" అని అడిగితే, "పెద్దగా తెలీదండీ" అన్నాను.

మూడో రోజు వాడొక్కడూ తిరిగొచ్చాడు. సామాన్లు సర్దుకుంటున్నాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. "అన్నా, మీరు సంతకం పెట్టారంట" అన్నాడు. నిలదీసినట్టు కాదు, విన్నది నిజమో కాదో కనుక్కున్నట్టు. "ఊరికే అడిగారు, పెట్టాను" అన్నాను. తలూపాడు. ఫోను ఎవరిదో, కేసేమైందో నాకు తెలీదు. ఆ సాయంత్రానికి గది ఖాళీ అయ్యింది.

ఆ తర్వాతే 'విసారణై' నాలుగోసారి చూశాను. అప్పుడు నేను వెతికింది పాండిని కాదు, నన్ను. తెరమీద ఎక్కడా లేను. అందుకే మొదటి మూడుసార్లూ అంత తేలిగ్గా పాండి పక్షాన నిలబడగలిగానేమో. కొట్టేవాణ్ణి ద్వేషించి, దెబ్బలు తినేవాడి కోసం ఏడ్చి, మధ్యలో నా చోటు ఖాళీగా ఉందని గమనించకుండానే బయటికొచ్చేశాను.

*

1957లో అమెరికాలో క్లీవ్‌లాండ్ అనే ఊళ్ళో డాల్రీ మాప్ అనే నల్లజాతి మహిళ తన ఇంటికొచ్చిన పోలీసుల్ని వారెంట్ ఉందా అని అడిగింది. ముందు లాయరుకి ఫోన్ చేసి తలుపు తీయనంది. కొన్ని గంటల తర్వాత వాళ్ళు తలుపు బద్దలుకొట్టి వచ్చి, ఒక కాగితం ఊపి ఇదే వారెంటన్నారు. ఆమె ఆ కాగితాన్ని లాక్కుంది. పెనుగులాడి తిరిగి తీసుకున్నారు. వాళ్ళు వెతికిన మనిషి దొరకలేదు, వేరేవేవో పుస్తకాలు, బొమ్మలు దొరికాయి, వాటి మీద కేసు పెట్టారు. కోర్టులో మాత్రం ఆ వారెంటు ఎప్పుడూ బయటకు రాలేదు. 1961లో అక్కడి సుప్రీంకోర్టు, దొడ్డిదారిన తెచ్చిన సాక్ష్యం ఏ రాష్ట్రపు కోర్టులోనూ చెల్లదంది. మన సుప్రీంకోర్టు పూరన్ మల్ కేసులో ఇందుకు భిన్నంగా వెళ్ళింది. సోదా పద్ధతి ప్రకారం జరగకపోయినా, దొరికినది కేసుకి సంబంధించిందైతే సాక్ష్యంగా పనికొస్తుందంది. కొన్ని మినహాయింపులున్నాయి గానీ, ఇప్పటికీ మన దారి అదే. అంటే చట్టం కారణం రాయమంటుంది, రాయకపోయినా దొరికింది దొరికినట్టే తీసుకుంటుంది. రాయించగలిగేది ఎవరంటే గుమ్మంలో నిలబడి అడిగేవాడు. మెట్లెక్కి వచ్చిన కాగితాన్ని చదివేవాడు.

2021 అక్టోబరులో హైదరాబాదు వీధుల్లో పోలీసులు బళ్ళాపి, కుర్రాళ్ళ ఫోన్లు తెరిపించి, చాట్లలో గంజాయి అన్న మాట వెతుకుతున్న వీడియోలు వచ్చాయి. గుర్తుండే ఉంటుంది. వాటిలో నన్ను ఆకట్టుకున్నది పోలీసులు కాదు. ఫోన్ల వరస. ఒకరి తర్వాత ఒకరు, లాక్ తీసి, చేతికందించి, పక్కన నిలబడటం. ఎవరి మొహంలోనూ కోపం లేదు. ఆలస్యమవుతోందన్న విసుగు మాత్రం ఉంది. నేనైనా ఇచ్చేవాణ్ణే.

మంచి సినిమా రావాలి, మంచి నవల రావాలి అని సమీక్షలు ముగించడం మనకి అలవాటు. నాకొక సీను చాలు. తెల్ల చొక్కా లేదు, గొలుసు లేదు, పక్కన లాయరు లేడు. రేకుల గది గుమ్మం. బయట పోలీసులు. లుంగీలో ఉన్న ఒక కుర్రాడు, వచ్చీరాని తెలుగులో, ఎందుకు సార్ అని అడుగుతాడు. మేడ మీద నుంచి చదువుకున్నవాడొకడు కిందకి దిగి, అవునండీ, ఎందుకు, అంటాడు. అంతే సీను. హాల్లో ఎవరైనా ఈల వేస్తారో లేదో తెలీదు. ఆ రెండోవాడు మెట్లు దిగడానికి ఎంతసేపు పడుతుందో మాత్రం నాకు తెలుసు. పద్నాలుగు మెట్లు. చాలాసార్లు లెక్కపెట్టాను.